నలభై కలిపిన చెయ్యి

మార్చి 3, సోమవారం

పిచ్చుక ఇవాళ థీసిస్ బైండు చేయించి తెచ్చింది. ఆ పేరు పెట్టింది నేనే. ఆరేళ్ల కిందట ఈ ల్యాబులో పరిశోధనకు చేరినప్పుడు ఒక్కచోట నిలిచేది కాదు, ఈ బల్ల నుంచి ఆ బల్లకు గెంతుతూ ఉండేది. ఇరవై ఒకటిన వైవా. బయటి నుంచి పరీక్షకుడు వచ్చి రెండు గంటలు గుచ్చి గుచ్చి అడుగుతాడు, ఆపైన డాక్టరు. వేరే ఊళ్లో ఒక పెద్ద ల్యాబులో చోటు కూడా ఉంది, ముందు డాక్టరు అనిపించుకుని రమ్మన్నారట.

"బాబాయ్, మూడో పేజీ చూడండి," అంది.

చూశాను. సాయం చేసినవాళ్ల జాబితాలో, ల్యాబు నడిపే పెద్దసారు తర్వాత నేను. 'ఫర్నేస్ దగ్గర ఎన్నడూ తప్పని చెయ్యి' అని. ముప్ఫై ఒక్కేళ్లలో చాలామంది థీసిస్‌లలో నా పేరు వచ్చింది గానీ, చెయ్యి రావడం ఇదే మొదలు. రిటైరయ్యాక కూడా ఏడాదికోసారి పొడిగిస్తూ నన్ను ఎందుకు ఉంచారో ఆ ఒక్క ముక్కలో ఉంది. మా ఆవిడకు చూపిద్దామని ఫోటో తీసుకున్నాను.

అక్కడితో ఆగాల్సింది. ఐదో అధ్యాయం తెరిచాను.

మార్చి 4, మంగళవారం

ఐదో అధ్యాయంలో ఆ బొమ్మ. రెండు గీతలు. ఒకటి లోకంలో అందరిదీ, ఒకటి పిచ్చుకది.

నా చదువు పదో తరగతితో సరి. మిగతాదంతా ఫర్నేస్ వేడెక్కేలోపు, ఎవరో బల్ల మీద వదిలేసిన కాగితాల్లోంచి ఏరుకున్నదే. ఏరుకున్నవాడికి నమ్మకం తక్కువ, అందుకే నాకు నేనే మళ్లీ చెప్పుకుంటాను. క్వాంటం చుక్క అంటే ఒక స్ఫటికం కడుపులో ఇంకో పదార్థం కట్టిన గుట్ట. వెంట్రుక అడ్డంలో అలాంటివి వేలు పడతాయి. అంత ఇరుకు గదిలో ఇరుక్కున్న ఎలక్ట్రాన్ తన ఇష్టమొచ్చిన శక్తితో ఉండలేదు, గది కొలతను బట్టి కొన్ని మెట్ల మీదే నిలబడాలి. మెట్టు దిగినప్పుడు ఒక వెలుగు వదులుతుంది. కంటికి ఆనదు, ఎరుపుకి అవతలి వెలుగు అది. ఇప్పుడు ఆ స్ఫటికాన్ని నా ఫర్నేస్‌లో అరనిమిషం కాల్చండి. గది గోడలు మెత్తబడతాయి. బయటి అణువులు లోపలికి, లోపలివి బయటికి. చుక్క ముందున్న చుక్క కాదు. ఎలక్ట్రాన్ దిగాల్సిన ఎత్తు పెరుగుతుంది, వెలుగు నీలం వైపు జరుగుతుంది. మరీ కాలిస్తే చుక్క చుట్టుపక్కల కలిసిపోయి మాయమవుతుంది. బెల్లం ముద్దని వేడినీళ్లలో వేసినట్టు.

వెలుగు బాగా జరగడం ఏడు వందల నలభై డిగ్రీల దగ్గర మొదలవుతుందని అందరూ రాశారు. పిచ్చుక శాంపిళ్లలో ఏడు వందలకే మొదలైంది. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. పెద్దసారుకి ఆ ఉలిపికట్టె తెగ నచ్చింది. ఆయన పేరూ, పిచ్చుక పేరూ వేసి సైన్సు పత్రిక్కి పంపారు, అచ్చయింది. థీసిస్‌కి ప్రాణం అదే.

రెండు గీతలూ ఒకే గీత. ఒకదాన్ని పక్కకి జరిపినట్టున్నాయి. ఎంత జరిపారా అని స్కేలు పెట్టి కొలిచాను. నలభై.

నలభై అనే సంఖ్య నాకొక్కడికే రాసివ్వలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనెందుకు ఉలిక్కిపడాలి.

మార్చి 5, బుధవారం

ఎందుకంటే చెబుతాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి.

పాత మీటరుకి ఒక తిక్క ఉండేది. వేడి కొలిచే తీగ గోడ పక్కన ఉండేది, శాంపిల్ మధ్యలో ఉండేది. గోడ ఎప్పుడూ నలభై డిగ్రీలు ఎక్కువ చూపించేది. శాంపిల్‌కి ఏడు వందలు కావాలంటే మీటరు మీద ఏడు వందల నలభై పెట్టాలి. ఈ సంగతి ఈ భవనంలో నాకు తప్ప ఎవరికీ పట్టేది కాదు. కుర్రకారు వచ్చి "ఏడు వందలు బాబాయ్" అనేవాళ్లు, నేను మనసులో నలభై కలిపి తిప్పేవాణ్ణి, పుస్తకంలో ఏడు వందలు అని రాసేవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్లు. ఊపిరి తీసుకుంటున్నామని ఎవరైనా లెక్కపెట్టుకుంటారా.

రెండేళ్ల కిందట జూన్‌లో మీటరు మార్చారు. బిగించడానికి ఒక ఇంజనీరు వచ్చాడు, నెమ్మదైన మనిషి. ఆయన బిగిస్తున్నంత సేపూ నేను ఆయనకి ఒక కథ చెప్పాను. వెనకటి ఫర్నేస్‌లో ఎవరో పొరపాటున చేతిగడియారం పెట్టి కాల్చిన కథ. మంచి కథే. మధ్యలో ఆయన రెండుసార్లు ఏదో చెప్పబోయాడు, "ఆగండి, అసలు సంగతి ముందుంది" అన్నాను. ఆఖర్న ఒక కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. నవ్వుతూనే చేశాను, నవ్వుతూనే వెళ్లాడు.

కాగితం ఎక్కడుందో.

అదే రోజు, మధ్యాహ్నం

బీరువా మూడో అరలో ఉంది. 'తీగను శాంపిల్ ట్రే కిందికి మార్చడమైనది. ఇకపై మీటరు చూపేదే శాంపిల్ వేడి. పాత కలుపు అవసరం లేదు.' కింద నా సంతకం, నా పొడుగు సున్నాతో సహా.

నోరా వీపుకు చేటు అని ఊరికే అనలేదు.

మార్చి 6, గురువారం

కాగితంలో రాసినంత మాత్రాన నిజమవ్వాలని లేదు. ఇంజనీర్లు రాసేవి అన్నీ నిజాలైతే లోకంలో ఏ లిఫ్టూ ఆగదు.

మార్చి 7, శుక్రవారం

ఎవరూ రాకముందే, ఆరున్నరకి వెళ్లాను. అల్యూమినియం ఆరు వందల అరవై దగ్గర కరుగుతుంది, అది ఏ మీటరు మాటా వినదు. తీగ ముక్కని ట్రే మీద చిన్న వంతెనలా నిలబెట్టాను. కాగితం అబద్ధమై, నా పాత లెక్కే నిజమైతే మీటరు ఏడు వందలు చూపేదాకా వంతెన నిలవాలి.

ఆరు వందల అరవై ఒకటి దగ్గర కూలింది.

తీగ పాతదేమో అనుకుని కొత్త ముక్క పెట్టాను. కూలింది. కిటికీ సందులోంచి గాలి వస్తోందేమో అని మూసి, మూడోది పెట్టాను. మూత బిగించిన ఫర్నేస్‌లోకి కిటికీ గాలి ఎలా వస్తుందో నన్ను అడక్కూడదు.

అంటే రెండేళ్లుగా పిచ్చుక ఏడు వందలంటే నేను ఏడు వందల నలభైలో కాల్చాను. పుస్తకంలో ఏడు వందలని రాశాను. ఆ పిల్ల కనిపెట్టిన కొత్త సంగతి పేరు, నా అలవాటు.

మార్చి 8, శనివారం

మా ఆవిడ అన్నం పెడుతూ నా మొహంలోకి చూసింది. "మాట్లాడకుండా తింటున్నారు. పళ్లు నొప్పా?"

"లేదు."

"మరి ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు."

"అయితే కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను, అదైనా చెప్పండి."

నాకు తెలియలేదు. నిజంగా తెలియలేదు.

మార్చి 9, ఆదివారం

సోమవారం చెబుతాను.

మార్చి 10, సోమవారం

పిచ్చుక సెలవు పెట్టింది, చదువుకుంటోందట. చెప్పడానికి మనిషి లేదు కదా. రేపు.

మార్చి 11, మంగళవారం

ఇవాళ వచ్చింది. గదిలో ఇంకో ఇద్దరున్నారు. పరాయివాళ్ల ముందు చెప్పే మాటా ఇది. రేపు.

మార్చి 12, బుధవారం

పిచ్చుకకి కాదు, పెద్దసారుకి చెప్పాను. వరస ప్రకారం అదే పద్ధతి అనుకున్నాను. పిచ్చుక కళ్లలోకి చూడక్కర్లేదు అనుకున్నానని మాత్రం ఇక్కడ రాయను.

పెద్దసారు అంతా విన్నారు. కళ్లద్దాలు తీసి తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు.

"ఇంకెవరికి తెలుసు?" అన్నారు.

"నాకూ, అల్యూమినియం తీగకీ సార్."

నవ్వలేదు. "చూడండి పెద్దాయనా. చుక్కలు మారడం నిజం, వెలుగు జరగడం నిజం. డిగ్రీలు కాస్త అటూ ఇటూ. ఫిజిక్స్ ఎక్కడికీ పోదు. వైవా కానివ్వండి. తర్వాత మెల్లగా పత్రిక్కి ఒక సవరణ రాసేద్దాం."

"పరీక్షకుడిది కూడా ఇదే పని కదా సార్. ఆ ఏడు వందల నలభై గీత మొదట గీసింది ఆయనేగా. అక్కడ పట్టుకుంటే?"

"పట్టుకుంటే ఆ అమ్మాయి జవాబు చెప్పుకుంటుంది. బాగా తయారైంది." తర్వాత బల్ల మీది కాగితాలు సర్దుతూ, "మీ పొడిగింపు కాగితం కూడా ఇక్కడే ఉంది. ఇరవై ఒకటి తర్వాత చూద్దాం," అన్నారు.

బెదిరించారని రాయలేను. ఆయన గొంతు పెంచలేదు. టీ కూడా ఇప్పించారు.

చెప్పాల్సింది చెప్పాను. పైవాళ్లు చూసుకుంటారు. మనసు తేలికైంది.

మార్చి 13, గురువారం

తేలిక కాలేదు.

మార్చి 14, శుక్రవారం

పొద్దున పదింటికి పిచ్చుక ఫర్నేస్ గదికి వచ్చి తలుపు వేసింది. "బాబాయ్, పరీక్షకుడిలా కూర్చోండి. మీకు ప్రశ్నలు అడగడం బాగా వచ్చు."

"ప్రశ్నలు కాదమ్మాయ్, నాకు కథలు వచ్చు."

"అందుకే. ఆయనా ముసలాయనే అట."

కూర్చున్నాను. తెల్లబల్ల మీద రెండు గీతలూ గీసింది. నలభై డిగ్రీల ముందే ఎందుకు జరుగుతోందో చెప్పడం మొదలుపెట్టింది. తమ శాంపిళ్లలో ఖాళీలు ఎక్కువట, అణువులు ఉండాల్సిన చోట లేక వదిలిన సందులు. ఆ సందుల్లోంచి తోసుకుంటూ పక్క అణువులు తొందరగా వెళ్తాయట. అందుకే తక్కువ వేడికే చుక్క గోడ కరుగుతుందట. ఎంత బాగా చెప్పిందంటే, నాకు అబద్ధమని తెలిసీ నమ్మాను. లేని దానికి అంత చక్కటి కారణం కట్టాలంటే రెండేళ్లు పడుతుంది. పట్టింది.

"అడగండి బాబాయ్."

ఏదో ఒకటి అడగాలి కదా. "మొత్తం ముప్ఫై ఎనిమిది శాంపిళ్లు చేశావు. బొమ్మలో ఇరవై ఏడే ఉన్నాయి. మొదటి పదకొండూ ఏవి?"

"అది అడుగుతాడని తెలుసు," అంది. చేతులు చూసుకుంది. అప్పుడు గమనించాను, ఇంకా రెండు జతల గ్లౌజులు వేసుకుంటోంది. ఆ పదకొండూ పాత మీటరు నాటివి. ఏడు వందల దగ్గర వాటిలో ఏమీ జరగలేదు. తర్వాతివాటితో కలవకపోయేసరికి, శాంపిల్ కడగడంలో, దాని మీద మూత ముక్క పెట్టడంలో నీ చెయ్యి సరిగ్గా లేదు, ఇదేం చెయ్యి అని పెద్దసారు అందరి ముందూ అన్నారు. ఆ రోజు నుంచే ఈ రెండు జతల గ్లౌజులు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. తర్వాత ఆ పిల్లని ఓదార్చడానికి ఒక కథ కూడా చెప్పాను.

"నా చేతి లోపం అని చెబుతాను. అప్పట్లో నాకు పని రాదు, పాడుచేశాను, అందుకే తీసేశాను అని. దాచడం ఎందుకు."

నేను కథ మొదలుపెట్టబోయాను. పాత మీటరుకి ఒక తిక్క ఉండేది అని. నోరు తెరిచాక, ఆ దారిలో వెళ్తే ఎప్పటికీ చేరనని అర్థమైంది.

"ఆ పదకొండే సరైనవి," అన్నాను. "మిగతా ఇరవై ఏడూ నేను నలభై డిగ్రీలు ఎక్కువ కాల్చాను."

నవ్వింది, జోక్ అనుకుని. నేను నవ్వలేదు. కాగితం తీసి ఇచ్చాను. చదివింది. అల్యూమినియం సంగతి చెప్పాను.

"మీటరు మార్చింది ఏ తారీకు?"

"జూన్ పందొమ్మిది."

కంప్యూటరు తెరిచి ఆ ఇరవై ఏడింటికీ నలభై కలిపింది. పక్కన పారేసిన పదకొండింటినీ తెచ్చి అదే బొమ్మలో పెట్టింది. ముప్ఫై ఎనిమిదీ ఒకే గీత మీదికి వచ్చి కూర్చున్నాయి, క్లాసులో పేరు పిలిచినట్టు. ఆ గీత పరీక్షకుడి గీత మీద ఉంది. కొత్త సంగతి అన్నది ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

గ్లౌజులు విప్పింది, పై జత, లోపలి జత. వేళ్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

"నా చెయ్యి బాగానే ఉంది," అంది. నాతో కాదు.

"తల్లీ, నేను..."

"ఇప్పుడు ఏమీ చెప్పకండి. ఒక్కటి చెప్పండి చాలు. సార్‌కి తెలుసా?"

"మొన్న బుధవారం చెప్పాను."

అప్పుడు చూసింది నావైపు. కోపంగా చూసినా బావుండేది. రెండు రోజుల ముందు ఆయనకి చెప్పి, తనకి చెప్పనివాణ్ణి ఏ మొహంతో చూడాలో తెలియనట్టు చూసింది. లేచి వెళ్లిపోయింది.

మార్చి 15, శనివారం

రాలేదు. మా ఆవిడకి చెప్పాను.

అంతా విని, "కథ చెబుతూ సంతకం పెట్టారా?" అంది.

"ఆఁ."

"నలభై ఏళ్లుగా నేను అదే కదా మొత్తుకునేది." మళ్లీ తనే, "ఆ పిల్ల ఇంటికి నేను వెళ్లనా?" అంది. వద్దన్నాను. ఇది నేనే మొయ్యాలి.

మార్చి 17, సోమవారం

పెద్దసారు గదిలోంచి మాటలు వరండా దాకా వచ్చాయి. ఆయనవి కాదు, పిచ్చుకవి. ఇంతకాలం ఆ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. "అచ్చయింది నా పేరుతో కూడా సార్. అడిగితే అబద్ధం చెప్పాల్సింది నేను." తర్వాత ఆయన నెమ్మదిగా ఏదో అన్నారు. "వాయిదా వద్దు. ఐదో అధ్యాయం తీసేసి ఈ బొమ్మతో వెళ్తాను. ఫెయిల్ చేస్తే చెయ్యనివ్వండి."

బయటికి వచ్చి నా ముందు నుంచే వెళ్లింది. పెద్దసారు గుమ్మంలో నిలబడి, "సంతోషమేనా పెద్దాయనా," అన్నారు.

సంతోషం కాదు. ఏమిటో నాకే తెలియదు.

మార్చి 21, శుక్రవారం

వైవా అయింది. మధ్యాహ్నం ఫర్నేస్ గదిలో కూర్చుని రాస్తున్నాను, మర్చిపోకముందే. మర్చిపోను గానీ.

హాల్లో ముప్ఫై మంది. వెనక వరసలో కూర్చున్నాను. పరీక్షకుడు బక్కపలచని మనిషి, మెల్లగా మాట్లాడతాడు, వినాలంటే ముందుకు వంగాలి. పిచ్చుక మొదటి బొమ్మగా అచ్చయిన గీత చూపించింది. రెండో బొమ్మగా ముప్ఫై ఎనిమిది శాంపిళ్లూ ఉన్న గీత. "మొదటిది తప్పు. రెండోది సరైనది. మా ఫర్నేస్ వేడిని మేము తప్పుగా రాసుకున్నాం," అంది. మేము అంది. నా పేరు చెప్పలేదు, నావైపు చూడలేదు.

పెద్దసారు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు.

పరీక్షకుడు అడిగాడు, "నలభై కలిపింది ఎవరు?"

లేచాను. కుర్చీ గట్టిగా చప్పుడు చేసింది. "నేనండీ."

"ఎందుకు?"

పాత మీటరూ, గోడా, గడియారం కాలిన కథా, అన్నీ గొంతు దాకా వచ్చాయి. "అలవాటండీ," అన్నాను.

"మీకు తెలిసి ఎన్నాళ్లకి ఈ అమ్మాయికి చెప్పారు?"

ఈ ప్రశ్న వస్తుందని అనుకోలేదు. "వారం," అన్నాను. అల్యూమినియం తీగ రోజు నుంచి లెక్కపెడితే వారమే. స్కేలు పెట్టి కొలిచిన రోజు నుంచి కాదు. నోట్లోంచి వచ్చాక, ఆ లెక్క కూడా పాత మీటరు లెక్కలాంటిదే అనిపించింది. "కాదండీ. పది రోజులు."

ఆయన రాసుకున్నాడు. కూర్చోమన్నాడు.

తర్వాత రెండు గంటలు పిచ్చుకని వదల్లేదు. దిగాల్సిన ఎత్తు పెరిగినా చుక్కలో పక్కపక్క మెట్లు ఎందుకు దగ్గరయ్యాయన్నాడు, వెలుగు ఎందుకు సన్నబడిందన్నాడు. అన్నిటికీ చెప్పింది. పదకొండింటి గురించి అడిగినప్పుడు, "అవి బాగా చేసినవే. నేనే నమ్మలేదు," అంది.

తీర్పు: ఫెయిల్ కాదు, పాస్ కాదు. ఆరు కొత్త శాంపిళ్లు సరైన వేడిలో కాల్చి చూపించాలి. అవి ఈ గీత మీద పడితే డాక్టరు. నాలుగు నెలలు గడువు. వెళ్లేముందు పరీక్షకుడు పిచ్చుకతో, "మీరు కనిపెట్టింది ఇక ఏమీ లేదు, తెలుసు కదా," అన్నాడు. "తెలుసండీ," అంది.

మార్చి 25, మంగళవారం

ఆ పెద్ద ల్యాబు వాళ్లు నాలుగు నెలలు ఆగలేమన్నారట. ఇంకొకరిని తీసుకున్నారట. పిచ్చుక చెప్పలేదు, ఆఫీసు గుమాస్తా చెప్పాడు.

నా పొడిగింపు మీద పెద్దసారు సంతకం పెట్టలేదు. ఆ ఆరు శాంపిళ్లు అయ్యేదాకా ఉండమన్నారు, ఎందుకంటే ఈ ఫర్నేస్ తిక్కలన్నీ ఇంకెవరికీ తెలియవు. ఒకటి నాకూ తెలియదని రుజువైనా సరే.

మార్చి 27, గురువారం

పద్నాలుగో తారీకు నుంచీ పిచ్చుక నన్ను ఏమనీ పిలవడం లేదు. బాబాయ్ అనదు, మాస్టారూ అనదు. "నైట్రోజన్ తెరవండి", "ట్రే తియ్యండి" అంటుంది. మాటలన్నీ సరిగ్గానే ఉంటాయి. ముందు ఉండాల్సిన మాట ఒక్కటే ఉండదు.

ఏప్రిల్ 7, సోమవారం

మొదటిది ఇవాళ కాల్చాం.

శాంపిల్ కడిగింది ఆ పిల్లే. ఒక జత గ్లౌజులు. ముఖానికి ముఖం ఆనేలా మూత ముక్క పెట్టింది, లేకపోతే వేడికి పైపొర ఆవిరైపోతుంది. నేను ట్రే లోపలికి తోశాను. నా చెయ్యి దానంతటదే మీటరు వైపు వెళ్లింది. తనే పట్టి ఆపింది, మణికట్టు దగ్గర. గట్టిగా కాదు.

"నేను తిప్పుతాను."

తిప్పింది. ఏడు వందలు. పైకి చదివింది. పుస్తకంలో తనే రాసింది. అరనిమిషం. ముప్ఫై ఒక్కేళ్లలో ఈ గదిలో అరనిమిషం నేను మాట్లాడకుండా ఉండటం ఇదే మొదటిసారి కావచ్చు. తను మధ్యలో ఒకసారి నావైపు చూసింది, ఏమైనా అంటానేమో అని. అనలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

వెలుగు కొలిచే యంత్రం రెండు అంతస్తుల కింద ఉంది. పిచ్చుక మెట్లెక్కి వచ్చింది, చేతిలో కాగితం. ఊపిరి ఆడటం లేదు.

"జరగలేదు," అంది. "ఏడు వందల దగ్గర ఏమీ జరగలేదు. అందరికీ ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ పదకొండింటి పక్కనే పడింది."

రెండేళ్లు కష్టపడిన పిల్ల, ఏమీ జరగలేదని చెప్పడానికి రెండు అంతస్తులు పరుగెత్తుకొచ్చింది.

కాగితం నా బల్ల మీద పెట్టింది. కూర్చోలేదు, వెళ్లనూ లేదు. కిటికీ దగ్గర నిలబడి చెయ్యి విప్పి, మూసి, చూసుకుంటోంది.

ఏమైనా అనాలనిపించింది. కొలవాల్సింది ఇంకా ఐదు ఉన్నాయి. లేచి ట్రే తుడిచి పెట్టాను.